ఏడో గడిలో రాసిన మాట

ఆఫీసరమ్మ వచ్చిన రోజు కాజాలక్క పనికి సెలవు పెట్టింది. ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో అది ఐదో సెలవు. ముందు నాలుగింటిలో రెండు అమ్మ పోయినప్పుడు, ఒకటి నాన్న పోయినప్పుడు, ఒకటి కంటి ఆపరేషనుకి.

కోట్లు కుట్టే షాపులో ఆమెది గుండీలకు చేత్తో కాజాలు కుట్టే పని. మిషను మీద కాజా నిమిషంలో అయిపోతుంది. ఖరీదైన కోటు వేసుకునేవాళ్లకు మాత్రం చేతి కాజాయే కావాలి. మైనం రాసిన దారం, పొట్టి సూది, కిటికీ పక్కన ఒక స్టూలు. రోజుకి అరవై కాజాలు. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది కానీ షాపులో అందరికీ, చివరికి ఆమె ఉండే వీధివాళ్లకు కూడా, ఆమె కాజాలక్కే.

ముందురోజు సాయంత్రం ఆమె సెలవు అడిగితే కటింగ్ మాస్టారు కత్తెర బల్లమీద పెట్టేసి పైకీ కిందకీ చూశాడు.

“ఏం కాజాలక్కా, ఒంట్లో బాగానే ఉందా? రేపు సూర్యుడు ఎటు పొడుస్తాడో చూసుకోవాలి.”

“మా తమ్ముణ్ణి అడగడానికి కోర్టు నుంచి మనిషి వస్తోంది మాస్టారూ.”

“వాణ్ణి అడిగేదేముంది? సరే అంటాడు, రాసుకుని పోతారు.”

షాపంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. తమ్ముడి మీద ఈ హాస్యం ఆమెకు ముప్పై ఏళ్లుగా అలవాటే.

తమ్ముణ్ణి వీధిలో సరేబాబు అంటారు. నలభై ఆరేళ్లు. నాన్న పెట్టిన సైకిల్ షాపులో కూర్చుంటాడు. పుట్టుకతోనే అతని బుర్ర మిగతా పిల్లల్లా పెరగలేదు. చదువు అబ్బలేదు, లెక్క రాదు. గాలి కొట్టడం వచ్చు, పంక్చరు వేయడం వచ్చు. ఆ రెండిటిలో వేలెత్తి చూపడానికి లేదు. టైరును బొటనవేలితో ఒకసారి నొక్కి, ఇంకా ఎంత కావాలో అంతే కొట్టి ఆపేస్తాడు. గేజీ పెట్టి చూసినవాళ్లు తలూపి వెళ్లిపోయేవారు. ట్యూబును నీళ్లతొట్టిలో ముంచి బుడగ ఎక్కడ లేస్తుందో చూస్తున్నప్పుడు మాత్రం అతన్ని పలకరించకూడదు. పలకరిస్తే తొట్టిలోంచి చూపు ఎత్తకుండానే “సరే” అంటాడు.

అందరితోనూ అదే మాట. పాలు పోసే ఆయన రోజూ గాలి కొట్టించుకుంటూ అడిగేవాడు, “సరేబాబూ, ఈ షాపు నాకు రాసిచ్చేస్తావా?”

“సరే.”

“పంపు కూడా?”

“సరే.”

పాలాయన కడుపుబ్బ నవ్వుకుని డబ్బులిచ్చి పోయేవాడు. సరేబాబు లోపలికి వెళ్లి ఒక గ్లాసుడు మంచినీళ్లు గటగటా తాగి వచ్చి మళ్లీ తొట్టి ముందు కూర్చునేవాడు.

ఆ మాట అతనికి నేర్పింది అక్కే.

చిన్నప్పుడు అతని నోట్లో ఉన్నది ఒకటే మాట, “వద్దు”. అన్నానికి వద్దు, స్నానానికి వద్దు, బడికి వద్దు. నడిరోడ్డు మీద చతికిలబడి వద్దు. బడిలో రెండు నెలలకే పంపేశారు. తొమ్మిదేళ్లప్పుడు ఒక మనిషి పంపు అడిగితే వద్దని గట్టిగా పట్టుకున్నాడు. ఆ మనిషి చెంప మీద ఒక్కటిచ్చాడు. ముందు పన్ను విరిగింది. అమ్మ మంచం పట్టి ఉంది. నాన్న ఆ మనిషితో గొడవ పడలేకపోయాడు, అతను మంచి ఖాతాదారు.

అప్పుడు అక్కకు పదిహేడేళ్లు. ఆ వేసవంతా తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పింది. “ఎవరేం అడిగినా సరే అనరా. అంటే కొట్టరు. తర్వాత సంగతి నేను చూసుకుంటాను.” రెండు నెలలకు ఆ మాట వాడికి వచ్చింది. ఆ తర్వాత అతన్ని ఎవరూ కొట్టలేదు.

వద్దు అనే మాట మాత్రం ఎక్కడికీ పోలేదు. దారి మార్చుకుంది. ఇష్టం లేని మాటకు సరే అని, లేచి వెళ్లి గ్లాసుడు నీళ్లు ఆపకుండా తాగేవాడు. ఇష్టమైనదానికి సరే అంటే కదిలేవాడు కాదు. ఇది కనిపెట్టింది అమ్మ. “వాడు నీళ్లకు లేచాడంటే ఆ పని మానెయ్యవే” అని కూతురికి చెప్పింది. కాకరకాయ కూర, కొత్త చెప్పులు, దంతాల డాక్టరు, అన్నీ ఆ లెక్కనే నడిచాయి. నాన్న ఇలాంటివి పట్టించుకునే మనిషి కాదు. పెద్దకొడుకు పంతొమ్మిదో ఏట ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లిపోయాడు. అమ్మ పోయాక ఆ సంగతి తెలిసిన మనిషి భూమ్మీద ఒక్కరే మిగిలారు.

నాన్న పోతూ షాపు, వెనక ఉన్న గది, పెరడు మొత్తం చిన్నకొడుకు పేరు మీద రాశాడు. “మీ ఇద్దరికీ చేతిలో పనుంది. వాడికి ఈ గోడలే ఉన్నాయి” అన్నాడు. ఎవరూ కాదనలేదు. కోర్టు అప్పటి చట్టం ప్రకారం పెద్దాయన్ని, అంటే అన్నయ్యను, తమ్ముడి ఆస్తికి సంరక్షకుడిగా వేసింది. ఆ ఉత్తర్వులో ఒక వాక్యం కాజాలక్కకు ఇప్పటికీ నోటికి వచ్చు. “సదరు వ్యక్తి అభిప్రాయం తీసుకోవలసిన అవసరం లేదు.”

రెండేళ్లకు పెద్దాయన పెరడు అమ్మేశాడు. తప్పుడు మనిషి కాదు. వచ్చినదంతా తమ్ముడి పేరు మీదే వేశాడు, కప్పు కారుతుంటే బాగు చేయించాడు. చెల్లెలికి కూడా ముందురోజే చెప్పాడు. చెప్పనిది ఒక్క తమ్ముడికే. తెల్లారి సరేబాబు ట్యూబు పట్టుకుని పెరట్లోకి వెళ్తే తొట్టి లేదు. తొట్టి ఉండే చోట నడుమెత్తు గోడ, తడి సిమెంటు. ట్యూబు చేతిలో పట్టుకుని మధ్యాహ్నం దాకా ఆ గోడ ముందు నిలబడ్డాడు. అక్క వచ్చి తొట్టిని షాపు లోపల పెట్టించేదాకా కదల్లేదు.

ఆ కోపంతోనే ఆమె జీవితంలో మొదటిసారి ఒక మీటింగుకి వెళ్లింది. తమ పనులు తాము చూసుకోలేనివాళ్ల ఆస్తుల చట్టం మార్చాలని కొందరు తల్లులు, చెల్లెళ్లు, ఒకరిద్దరు లాయర్లు అప్పటికే తిరుగుతున్నారు. ప్రభుత్వం వేసిన కమిటీ ఒక ఆదివారం జనాన్ని పిలిచి విన్నది. మనిషికి రెండు నిమిషాలు. ఆమెకు అరనిమిషం చాలింది.

“పెరడు మా తమ్ముడిది. అందులో గోడ లేచింది. కడతామని వాడికి ఒక్కరూ చెప్పలేదండీ. మీరు వాణ్ణి ఒక్కసారి అడగండి. అంతే.”

పేపర్లో లోపలి పేజీలో నాలుగు లైన్లు వచ్చాయి. మాస్టారు దాన్ని కత్తిరించి షాపు గోడకు అంటించాడు. మూడేళ్ల తర్వాత చట్టం మారింది. ఆస్తి ఎవరిదో ఆ మనిషిని కోర్టు అధికారి నేరుగా అడగాలి. అడిగేటప్పుడు బంధువులు గదిలో ఉండకూడదు, వాళ్ల కళ్లలోకి చూసి జవాబు చెప్పే ప్రమాదం ఉంది కాబట్టి. ఆ మనిషి ఏమన్నాడో ఆ మాటల్లోనే రాయాలి. ఆ రోజు షాపులో అందరికీ కాజాలక్క టీ ఇప్పించింది.

మారిన చట్టం కింద ఆ కోర్టుకు వచ్చిన మొదటి పది కేసుల్లో వాళ్లది ఒకటి. వీధిలో ఆ వరస మొత్తం కొని పెద్ద భవనం కడతామని ఒకరు వచ్చారు. మిగతా అందరూ ఒప్పుకున్నారు. పెద్దాయన అమ్మకానికి అనుమతి అడుగుతూ దరఖాస్తు పెట్టాడు. దానితోపాటు ఒక ఫారం, తమ్ముడితో కలిసి ఉంటున్న మనిషి నింపాలి. అంటే చెల్లెలే.

ఏడో గడిలో ప్రశ్న ఇది. “ఈ వ్యక్తి తన ఇష్టాయిష్టాలను మామూలుగా ఎలా తెలియజేస్తారు?” కింద ఒకే ఒక గీత.

మధ్యాహ్నం అన్నాల వేళ కటింగ్ బల్ల మీద ఫారం పరుచుకుని ఆమె ఆ గడి దగ్గర ఆగిపోయింది. నీళ్ల సంగతి రాద్దామని కలం పెట్టి తీసేసింది.

“ఏంటి, దారం తెగిందా?” అన్నాడు మాస్టారు.

“వాడు ఎలా చెబుతాడో రాయమన్నారు.”

“మాటలు వచ్చు అని రాయి. ఇంకేదైనా రాశావనుకో, పాత రోజుల్లో లాగా వాణ్ణి బొమ్మ కింద జమ కడతారు. అడగడమే మానేస్తారు.”

ఆమెకూ అదే భయం. నీళ్లు తాగి వద్దంటాడని రాస్తే చదివినవాళ్లు ఏమనుకుంటారు? ఇన్నేళ్లూ తిరిగింది తమ్ముణ్ణి మనిషిలా చూడమనే కదా. పైగా కాస్త గొప్ప కూడా ఉంది, అది ఆమె తర్వాత ఒప్పుకుంది. ఆమె రాసింది: “నోటితోనే చెబుతాడు. అన్నీ అర్థమవుతాయి.” కింద సంతకం పెట్టింది.

అందులో అబద్ధం లేదు. అతనికి అన్నీ అర్థమవుతాయి.

ఆఫీసరమ్మ చెప్పిన వేళకు వచ్చింది. నలభై ఏళ్ల మనిషి, కాటన్ బట్టలు, భుజానికి గుడ్డసంచి. షాపులోకి వస్తూనే సరేబాబుకి నమస్కారం పెట్టి, “మీ షాపులో కూర్చోవచ్చా?” అని అతన్నే అడిగింది. కాజాలక్కకు ప్రాణం లేచి వచ్చింది. ఎవరూ అతన్ని అలా అడగ్గా ఆమె చూడలేదు. ఎండగా ఉందని తనే కూజా నిండా నీళ్లు, రెండు గ్లాసులు తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. షట్టరు సగం దించి, ఆ పొద్దునే ఊరి నుంచి వచ్చిన పెద్దాయనా, చెల్లెలూ అవతలి పక్క ఫుట్‌పాత్ మీదకి వెళ్లి నిలబడ్డారు.

“నామీద కోపంగా ఉందా చెల్లీ?” అన్నాడు పెద్దాయన.

“నీ మీద కోపం దేనికి అన్నయ్యా. వాడు వద్దంటాడు, అంతే.”

“అంటే మంచిదే, కాగితాలు చింపేస్తాను. కానీ ఒక మాట చెప్పు. నీకు యాభై నాలుగు. కళ్లు చూస్తే అలా ఉన్నాయి. నీ తర్వాత వాణ్ణి ఎవరు చూస్తారు? ఈ కప్పా?”

“అది నేనూ ఆలోచించాను.”

“ఏం తేలింది?”

“ఏం తేలలేదు.”

పెద్దాయన గొడుగు తీసి చెల్లెలి వైపుకి పట్టాడు. ఇద్దరూ సగం దించిన షట్టరు కింద నుంచి కనిపించే నాలుగు పాదాలను చూస్తూ నిలబడ్డారు. రెండు చెప్పుల్లో ఉన్నాయి, రెండు వట్టివి. వట్టి పాదాలు ఒకసారి లేచాయి, మళ్లీ కూర్చున్నాయి. అంత దూరం నుంచి ఇంకేమీ కనబడలేదు.

నలభై నిమిషాలకు షట్టరు లేచింది. “చాలా మర్యాదస్తుడమ్మా మీ తమ్ముడు” అంది ఆఫీసరమ్మ. “ప్రతి ప్రశ్నా రెండు రకాలుగా అడిగాను. ఎక్కడా తడుముకోలేదు.”

కాజాలక్క కూజా వైపు చూసింది. ఖాళీగా ఉంది.

పదిహేడో రోజున ఉత్తర్వు వచ్చింది. ఇరవై మూడో కాజా మధ్యలో ఉండగా పోస్టాయన షాపుకే తెచ్చి ఇచ్చాడు. సూది కోటు అంచుకు గుచ్చి కవరు చింపింది. సదరు వ్యక్తి అమ్మకానికి స్వయంగా, స్పష్టంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా సమ్మతి తెలిపారు. అనుమతి ఇవ్వడమైనది. వెనక ఆఫీసరమ్మ నివేదిక జతపరిచి ఉంది. ఎంత శ్రద్ధగా రాసిందో చదివితే తెలుస్తుంది.

“షాపు అమ్మడం మీకు ఇష్టమేనా అని అడిగాను. ‘సరే’ అన్నారు. ఇకపై ఇక్కడ కూర్చోవడం కుదరదని వివరించాను. ‘సరే’ అన్నారు. ఇష్టం లేకపోతే లేదని చెప్పవచ్చు అన్నాను. ‘సరే’ అన్నారు. సంభాషణ మధ్యలో ఆయన నాలుగు సార్లు మంచినీళ్లు తాగారు. ప్రతిసారీ ఆగి, ఆయన తాగడం పూర్తయ్యాకే కొనసాగించాను. ఆయన సౌకర్యంగా ఉన్నారు.”

నాలుగు సార్లు. ఆమె ఆ కాగితం మడిచి బల్ల మీద పెట్టి మళ్లీ సూది తీసుకుంది. కుట్టు పక్కకు పోయింది. ఇరవై మూడో కాజా విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చింది.

“ఏమైంది?” అన్నాడు మాస్టారు. ఆమె నివేదిక అతని ముందుకు తోసింది. చదివి, “సరే అన్నాడుగా, నేను చెప్పలా” అనబోయి ఆమె మొహం చూసి మాట మింగేశాడు. ఆ నీళ్ల సంగతి ఆమె అప్పుడే అతనికి చెప్పింది. అమ్మ తర్వాత అది తెలిసిన రెండో మనిషి అతను. ఫారంలో మాటలు వచ్చు అని రాయమన్నది తనేనని అతనికి గుర్తుకొచ్చినట్టుంది, ఆ రోజంతా హాస్యాలాడలేదు.

అప్పీలుకి ముప్పై రోజుల గడువు. ఉచితంగా వాదించే లాయరమ్మ ఒకామె దొరికింది. చిన్న వయసు, చురుకైన మనిషి. ఫారం చూసి తల పట్టుకుంది.

“ఏడో గడిలో ఇలా ఎందుకు రాశారండీ?”

“వాణ్ణి తక్కువ చేయడం ఇష్టం లేక.”

“ఇప్పుడు మీరు రాసింది మీరే తప్పు అనాలి. అన్నారనుకోండి, మాటలతో చెప్పలేడు కాబట్టి అడగనక్కర్లేదని అటువైపు వాళ్లు అంటారు. మళ్లీ మీ అన్నయ్యగారి సంతకంతోనే అయిపోతుంది.”

“అయితే ఎలాగైనా పోతుందా?”

“పోతుందని అనడం లేదు. కష్టం అంటున్నాను.”

కోర్టు హాల్లో జడ్జిగారు ఓపిగ్గానే విన్నారు. నీళ్ల సంగతి కాజాలక్క నిలబడి చెప్పింది, కాకరకాయ దగ్గర్నుంచి తడి గోడ దాకా. ఎదుటి లాయరు లేచి, “ఆ రోజు ఎండ ముప్పై తొమ్మిది డిగ్రీలండీ. నేనైతే ఆరు గ్లాసులు తాగేవాణ్ణి” అన్నాడు. హాల్లో చిన్నగా నవ్వారు. జడ్జిగారు పెద్దాయన్ని అడిగారు, “మీరు ఒకే ఇంట్లో పెరిగారు కదా, ఈ అలవాటు మీకు తెలుసా?”

పెద్దాయన లేచి నిలబడ్డాడు. “నేను గమనించలేదండీ” అన్నాడు.

అతను అబద్ధం చెప్పలేదు. చెల్లెలికి ఆ సంగతి తెలుసు. అబద్ధమైతే దెబ్బలాడటానికి ఏదో ఒకటి ఉండేది.

అప్పీలు కొట్టేశారు. ఫారం రాసినది ఆమే, సంతకం ఆమెదే, సమ్మతి అతని నోటి మాట. కొత్త చట్టం ఏం చేయమందో అది అక్షరం పొల్లుపోకుండా జరిగింది.

ఇప్పుడు అక్కాతమ్ముళ్లు కోట్ల షాపుకి దగ్గర్లో రెండో అంతస్తులో ఒక గదిలో ఉంటున్నారు. సైకిల్ షాపు ఉన్న వరసంతా రేకులు కట్టి కప్పేశారు. సరేబాబు పంపు తెచ్చుకున్నాడు, తొట్టి తేవడం కుదరలేదు. పొద్దున్నే లేచి మొహం కడుక్కుని చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చుంటాడు. మధ్యాహ్నం దాకా ఎటూ వెళ్లడు. మొదటి వారం రోజుకి కూజాన్నర నీళ్లు తాగాడు. ఆమె రెండో కూజా కొంది.

కిందటి నెల పెద్దాయన ఇంకో దరఖాస్తు పెట్టాడు. తమ్ముణ్ణి తన దగ్గర ఉంచుకుంటానని. నేలమీద గది, చిన్న తోట, పగలు ఇంట్లో మనిషి ఉంటారు. “నువ్వు పొద్దున వెళ్తే సాయంత్రం వస్తావు. వాడు నాలుగు గోడల మధ్య ఒక్కడే ఉంటున్నాడు చెల్లీ” అన్నాడు ఫోనులో. ఆమె ఫోను పెట్టేసి తమ్ముడి కూజా నింపింది. “మీ అన్నయ్యగారు ఎలాంటివారు?” అని లాయరమ్మ అడిగితే, “మంచివాడే” అంది.

ఎక్కడ ఉండాలన్నా ఆ మనిషినే అడగాలి. అది కూడా కొత్త చట్టంలో ఉంది. ఈసారి కోర్టు గదిలోనే అడుగుతారు. నీళ్ల సంగతి రాసి లాయరమ్మ ఒక కాగితం దాఖలు చేసింది. దాన్ని లెక్కలోకి తీసుకునేదీ లేనిదీ ఆ రోజే చెబుతామన్నారు. ఈలోగా తమ్ముడికి ఏమీ నేర్పవద్దని లాయరమ్మ కాజాలక్కను గట్టిగా హెచ్చరించింది. నేర్పారని తెలిస్తే ఒత్తిడి కింద రాసుకుంటారట.

ఆమె ఆ మాట చెవిన వేసుకోలేదు. పని నుంచి రాగానే తమ్ముడి ఎదురుగా కూర్చుంటోంది. “వద్దు అనరా. ఇష్టం లేకపోతే వద్దు అను. ఎవరూ కొట్టరు.”

“సరే” అంటాడు. నీళ్లకు లేవడు, కూర్చునే ఉంటాడు.

నోటీసు వచ్చింది. పద్దెనిమిదో తారీకు, పొద్దున పదిన్నర, మూడో నంబరు గది. అడగబోయే ప్రశ్నలు ముందే జతపరిచారు, మొత్తం ఆరు. మొదటిది, “మీరు మీ అన్నయ్యగారి ఇంట్లో ఉంటారా?” అక్క గురించిన ప్రశ్న నాలుగోది, “మీరు మీ అక్కగారి దగ్గరే ఉంటారా?”